కాశీ ఘాట్లు వేయాలంటే పొద్దున్నే లేవకండి

"కాశీ ఘాట్లను ఆయిల్ కలర్స్‌లో వేయడం నేర్చుకోవాలి, ఏ క్లాసులో చేరమంటారు?" అని అడిగారు. క్లాసు సంగతి తర్వాత. ముందు సూర్యోదయానికి ఘాట్ దగ్గరకు పరిగెత్తే ఆలోచన మానుకోండి.

నేను చేసిన తప్పు అదే. కేదార ఘాట్ దగ్గర కట్టేసిన పడవలో తెల్లారకముందే కాన్వాస్ పెట్టుకుని కూర్చున్నా. ఘాట్లన్నీ తూర్పు ముఖం కదా, ఎండ తిన్నగా గోడల మీద పడుతుంది. ప్రతి కిటికీ, ఆరేసిన ప్రతి చీరా నన్ను వెయ్యి, నన్ను వెయ్యి అంటుంది. ఆ ఘాట్ మెట్లకేమో ఎరుపూ తెలుపూ పట్టీలు. సన్న బ్రష్ పట్టుకుని ఒక్కొక్కటే గీస్తూ మూడు గంటలు గడిపా. మొదలుపెట్టినప్పుడున్న నీడ ఒక్కటీ ఉన్నచోట లేదు.

ఆ పక్క మన తెలుగు యాత్రికులు ఎక్కువే. పక్క పడవలోంచి శ్రీకాకుళం మామ్మగారొకరు వంగి చూసి, "మెట్లన్నీ నెక్కెట్టి ఏసీసినావు బాబూ, మరి గంగమ్మేదీ?" అన్నారు. చూస్తే కాన్వాస్ అడుగున రెండంగుళాల చోటు మిగిలింది. అందులో గంగ కాదు, చెంబెడు నీళ్లు కూడా పట్టవు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి అవతలి ఇసుకలోకి వెళ్లా. (పడవ రేట్ల గురించి నన్ను కదిలించకండి.) ఎండ ఊరి వెనక్కి దిగేసరికి కిటికీలు మాయం, మెట్లు మాయం. భవనాలన్నీ కలిసి ఒకే బూడిదరంగు ముద్ద. పైన శిఖరాల అంచు, కింద నీళ్ల మీద మెరుపు, అంతే. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపితే ఆ బూడిదరంగు వచ్చేస్తుంది, నల్ల ట్యూబు ముట్టుకోనక్కర్లేదు. టర్పెంటైన్‌తో పలచన చేసి ముద్దంతా ఒకేసారి పరిచా. అదే రంగు కాస్త తేలిక చేసి నీళ్లలోకి నిలువుగా లాగి, పొడి బ్రష్‌తో అడ్డంగా ఒక్కసారి తుడిచా. నీళ్లు వచ్చాయి! లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) మాత్రం పై పొరల్లోనే కలపండి. ముందే పోస్తే తర్వాత పగుళ్లు గ్యారంటీ.

ఇంకోటి, గంగ నీలం కాదు మహాప్రభో. క్యాలెండర్లు చూసి నీలం పూసేవాళ్లు ఒక్కసారి వెళ్లి చూడండి, మట్టి కలిసిన పాచిరంగు.

క్లాసంటారా, నేనూ ఆరు నెలలు వెళ్లా. ఫోటో మీద గళ్లు గీయించి కాపీ కొట్టించారు. ఈ కిటికీల జబ్బు నాకు అక్కడే అంటుకుంది. 1960లో ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లిన చిత్రకారుడు రామ్‌కుమార్, ఆ తర్వాత వేసిన కాశీ బొమ్మల్లో మనుషుల్నే తీసేశాడు. అంత జనాన్ని ఆయన తీసేయగా లేనిది, మనం నాలుగు కిటికీలు వదులుకోలేమా?

వచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆయిల్ రోజుల తరబడి ఆరదు. తడి కాన్వాసులు రెండిటిని ఎదురెదురుగా పెట్టి, మూలల్లో కార్కు ముక్కలు ఇరికించి కట్టుకోండి. నాకది తెలియక పై బెర్తు మీద ఊరికే ఆనించా. ఈసారి గంగ బాగానే కుదిరింది గానీ, సగం ఆ బెర్తు పెద్దాయన దుప్పటి మీదే ఉండిపోయింది.