స్విచ్ మొత్తం మార్చక్కర్లేదండి, ముందు లోపలి బల్బు చూడండి

కారు వెనక అద్దానికి పట్టిన ఆవిరిని వేడితో పోగొట్టే డీఫాగర్ బాగానే పనిచేస్తోంది, స్విచ్‌లో ఉండే చిన్న దీపం మాత్రం వెలగడం లేదు, మెకానిక్ ఏమో స్విచ్ మొత్తం మార్చాలంటున్నాడు, బల్బు ఒక్కటీ మార్చుకోవచ్చా అని కదా మీరు అడిగింది. పాత కారైతే చాలావరకు మార్చుకోవచ్చు. రెండేళ్ల కింద ఇదే పని మా కారుకి ఇంట్లోనే చేశాను. 20 రూపాయల బల్బు, ఒక ఆదివారం పొద్దున్న, కాసిని చీవాట్లు. అయిన ఖర్చు అంతే.

దీపమే కదా, వెలగకపోతే కొంప మునిగిందా అనుకోకండి. నేనూ అలాగే ఆరు నెలలు వదిలేశాను. మాది రాజోలు దగ్గర. సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి రైల్లో వస్తోందంటే తెల్లారకుండానే పాలకొల్లు స్టేషన్‌కి బయల్దేరాను. ధనుర్మాసంలో మా కాలవగట్ల మీద మంచు ఎలా ఉంటుందో ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. చించినాడ వంతెన ఎక్కేసరికి కింద గోదారీ లేదు, ముందు రోడ్డూ లేదు. డీఫాగర్ నొక్కాను. స్టేషన్‌కి చేరాక రైలు గంట లేటన్నారు. ఇంజను ఆపేసి, అద్దాలకి ఆవిరి పట్టకుండా ఫ్యాన్ తిరుగుతుందని తాళం ఆన్‌లోనే ఉంచి కునుకు తీశాను. డీఫాగర్ ఆపలేదన్న సంగతి నాకు గుర్తు లేదు, గుర్తు చెయ్యాల్సిన దీపం మాడిపోయి ఉంది. వెనక అద్దం మీద కనిపించే ఆ సన్న గీతలు పది పదిహేను ఆంపియర్లు లాగేస్తాయి. మా బ్యాటరీ చిన్నది, 35 ఆంపియర్ అవర్‌ది, అదీ ముసలిది. అమ్మాయి సామాను డిక్కీలో పెట్టి తాళం తిప్పితే ‘టక్’ మంది, అంతే. ఆటోవాళ్లు ముగ్గురు తోస్తుంటే పండక్కి వచ్చిన పిల్ల కూడా వెనకనుంచి ఓ చెయ్యి వేసింది. కొత్త కార్లలో డీఫాగర్ కొంతసేపటికి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటోంది. మాదానికి లేదు.

ఇక పనిలోకి వద్దాం. ముందు జబ్బు బల్బుదేనా అన్నది తేల్చుకోండి. ఇంజను నడుస్తుండగా స్విచ్ నొక్కి అయిదు నిమిషాలు ఆగి వెనక అద్దం గీతల మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఫ్యూజు, రిలే, వైరింగ్ బాగున్నట్టే. ఇలాంటి స్విచ్చుల్లో చాలావాటిలో రెండు దీపాలుంటాయి. ఒకటి పార్కింగ్ లైట్లు వేసినప్పుడు స్విచ్ మీద బొమ్మ కనపడడానికి, రెండోది నొక్కినప్పుడు ఆన్‌లో ఉందని చెప్పడానికి. మీది రెండోది పోయింది. మొదటిదీ వెలగట్లేదంటే మాత్రం తిన్నగా ఫ్యూజు పెట్టె దగ్గరికి వెళ్లండి.

బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పకుండా డాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యొద్దు. స్టీరియోకి కోడ్ అడిగే రకమైతే ఆ నంబరు ముందే వెతికి పెట్టుకోండి. లోపల పసుపు రంగు కప్లర్లు, అంటే తీగల్ని కలిపే ప్లగ్గులు, కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకండి.

స్విచ్ బయటికి తియ్యడానికి స్క్రూడ్రైవర్ వాడకండి, ప్లాస్టిక్ మీద గాటు పడిపోతుంది. నేను గడువు అయిపోయిన ఏటీఎం కార్డు వాడాను. చుట్టూ ఉన్న ఫ్రేము సందులోకి దూర్చి, ఒక్కో మూలా కొంచెం కొంచెంగా పైకి లేపుతుంటే క్లిప్పులు వదులుతాయి. కారు కాసేపు ఎండలో పెట్టాక చేస్తే ప్లాస్టిక్ కాస్త మెత్తబడి క్లిప్పులు విరగవు. నేను చల్లగా ఉన్నప్పుడు చేసి ఒకటి విరగ్గొట్టుకున్నాను, అది ఇప్పటికీ గతుకుల్లో కిటకిటలాడుతుంది. ఫ్రేము వచ్చాక కింద సందులన్నీ మూసుకునేలా తువ్వాలు పరవండి. బియ్యపు గింజంత బల్బు డాష్‌బోర్డు లోపలికి జారితే ఇక వెతకడం మీ తరం కాదు.

స్విచ్ వెనక కప్లర్ ఊడదీసి తిప్పి చూడండి. వేలిగోరంత ప్లాస్టిక్ బిళ్ల, దాని మధ్య గాడి కనిపిస్తే మీ పంట పండినట్టే. అదే బల్బు హోల్డరు. చిన్న స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. అది లేకుండా బల్బో ఎల్‌ఈడీయో లోపలి బోర్డుకి సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికి) ఉంటే, సోల్డరింగ్ అలవాటున్న వాళ్లకి ఇవ్వండి. చెరువుల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు, ప్యానెళ్లు బాగుచేసే కుర్రాళ్లు మా వైపు ఊరికి ఒకడైనా ఉంటాడు. ఆ చేతులకి ఇది లెక్కలోది కాదు.

మాది హోల్డరు రకం. బల్బు గాజు అడుగున రెండు సన్నటి తీగలు, వాటిని హోల్డరు గాడుల్లోంచి తెచ్చి రెండు పక్కలా పైకి మడిచి ఉంచారు. ఆ మడతలే కాంటాక్టులు. గాజు లోపల కాస్త నల్లగా మసి పట్టింది గానీ ఫిలమెంట్ తెగిందో లేదో నా కంటికి ఆనలేదు. మల్టీమీటర్ పెడితే తేలిపోయింది. మంచి బల్బయితే చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓములు చూపిస్తుంది, తెగినదైతే అసలేమీ చూపించదు. ఒక్క మాట, బల్బు బాగానే ఉండి దీపం వెలగకపోవడం కూడా మామూలే. సముద్రం గాలి తగిలే ఊళ్లు కదా మనవి, అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఇత్తడి ముక్క దేనికైనా చిలుము పట్టేస్తుంది. ఆ కాంటాక్టుల్ని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్ది మళ్లీ పెట్టి చూడండి, కొందరికి ఆ 20 రూపాయలు కూడా మిగులుతాయి.

కొత్తది కొనేటప్పుడు పాత బల్బు జేబులో వేసుకెళ్లండి. ఇలాంటి చోట ఎక్కువగా వాడేది 12 వోల్టులు, 1.2 వాట్ల రకం, షాపులో టీ5 అంటారు. అంతకంటే సన్నవీ ఉన్నాయి, అందుకే పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. నంబర్ ప్లేటు దగ్గర పెట్టే టీ10 బల్బు 5 వాట్లది. ఇందులో పట్టదు, ఎలాగో పట్టించినా ఆ వేడికి స్విచ్ కరిగిపోతుంది.

మా బల్బుకి చిన్న రబ్బరు టోపీ ఉంది, దీపానికి రంగొచ్చేది దానివల్లే. తియ్యబోతే ఎండిపోయి పెళుసెక్కి రెండు ముక్కలైంది. అమలాపురంలో స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి ‘పచ్చ టోపీ’ ఇమ్మన్నాను. ఆయన ఆకుపచ్చది పొట్లం కట్టి ఇచ్చాడు, ఇంటికొచ్చి విప్పేదాకా నేను చూసుకోలేదు. మాకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే కదా, తప్పు ఆయనది కాదు. దాంతో మా కారులో డీఫాగర్ దీపం ఇప్పుడు ఆకుపచ్చగా వెలుగుతుంది. బల్బు కోసం అంత దూరం పోయి తప్పు రంగు తెచ్చావా అని మా ఆవిడ పెట్టిందే పైన చెప్పిన చీవాట్లు.

బల్బు బదులు ఎల్‌ఈడీ వేద్దామా అని కూడా అడిగారు. వెయ్యొచ్చు, 12 వోల్టులకి తయారుచేసిన టీ5 ఎల్‌ఈడీలు దొరుకుతున్నాయి. విడి ఎల్‌ఈడీ అయితే వరసలో కరెంటుని అదుపులో ఉంచే రెసిస్టర్ తప్పనిసరి. ఇంజను తిరుగుతున్నప్పుడు కారులో ఉండేది 12 కాదు, 14 వోల్టుల పైచిలుకు, ఆ లెక్కన 680 ఓములది సరిపోతుంది. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది కాబట్టి వెలగకపోతే తిరగేసి పెట్టండి, పాడైందని పారెయ్యకండి. అయితే ఈ ఉత్సాహంలో మీటర్ బోర్డులోని ఎర్ర బ్యాటరీ గుర్తు బల్బుని మాత్రం ఎల్‌ఈడీకి మార్చొద్దు. చాలా పాత కార్లలో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మేల్కోవడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బులోంచే వెళ్తుంది. ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు, చార్జింగే మొదలవకపోవచ్చు.

బల్బు మార్చాక ఫ్రేము నొక్కెయ్యకుండా, కప్లర్ తగిలించి, బ్యాటరీ తీగ బిగించి ఒకసారి నొక్కి చూడండి. నేను అన్నీ బిగించేశాక చూస్తే వెలగలేదు, మళ్లీ విప్పాల్సొచ్చింది. బల్బు తీగ ఒకటి గాడిలోంచి పక్కకి తప్పుకుంది. నా క్లిప్పు విరిగింది ఆ రెండోసారి విప్పినప్పుడే.