గుహలోకి డైవింగ్: ఏ అర్హత ఎంత దూరానికి?

ప్రశ్న: నేను ఫ్లోరిడాలో ఉద్యోగం చేస్తున్నాను. తలపైన కప్పు లేని నీటిలో దిగడం నేర్పే ఓపెన్ వాటర్ డైవింగ్ కోర్సు పూర్తిచేశాను. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే నా రెగ్యులేటర్‌పై ఈఎన్ 250 గుర్తు ఉంది, సిలిండర్‌కు పీడన పరీక్ష కూడా అయింది. గుహ డైవింగ్‌లో శిక్షణ పొందిన మిత్రుని వెంట నీటి గుహలోకి కొద్ది దూరం వెళ్లవచ్చునా?
— ఒక పాఠకుడు, టాంపా

జవాబు: వెళ్లకూడదు. మీ మిత్రుని శిక్షణ మీకు అక్కరకు రాదు. వేర్వేరు అర్హతలున్నవారు కలిసి దిగినప్పుడు, అందరిలో తక్కువ అర్హత ఉన్నవారి పరిమితే జట్టు మొత్తానికి వర్తిస్తుంది.

పరికరాల ముద్రలు చెప్పేది వేరే సంగతి. ఈఎన్ 250 అనే ఐరోపా ప్రమాణం 50 మీటర్ల లోతు వరకు రెగ్యులేటర్ గాలిని సరిగా అందించగలదా అన్నది పరీక్షిస్తుంది. అమెరికాలో సిలిండర్‌కు 5 ఏళ్లకొకసారి జరిగే పీడన పరీక్ష లోహం బలాన్ని తేలుస్తుంది. తలపైన రాతి కప్పు ఉన్నచోట ఆ ఒక్క రెగ్యులేటర్ పాడైతే ఏం చేయాలో ఈ రెండూ చెప్పవు. అందుకే గుహ డైవర్లు విడివిడిగా మూసుకోగల రెండు వాల్వులు, రెండు రెగ్యులేటర్లు, కనీసం మూడు టార్చిలు, ఇరుకు దారిలో ఒకరి వెనుక ఒకరు వస్తూ గాలి పంచుకోవడానికి సుమారు 2 మీటర్ల పొడవైన గొట్టం తీసుకువెళతారు.

తొలి మెట్టు కావెర్న్ (గుహ ముఖద్వార భాగం) కోర్సు. అందులో పగటి వెలుతురు కనిపించే మేర దాటరాదు. లోతును, అడ్డంగా వెళ్లిన దూరాన్ని కలిపి, నీటి ఉపరితలం నుంచి శిక్షణ సంస్థను బట్టి 40 నుంచి 60 మీటర్లే హద్దు. బయటి నీటి వరకు తెగని గైడ్‌లైన్ తాడు ఉండాలి. గాలిలో మూడోవంతు వాడగానే వెనుదిరగాలి: సిలిండర్‌లో 200 బార్ (గాలి పీడనపు కొలత)తో దిగితే సుమారు 134 బార్ వద్ద. తరువాతి మెట్టైన ప్రాథమిక గుహ కోర్సులో జంట సిలిండర్లు వాడేవారికి సాధారణంగా ఆరోవంతే అనుమతిస్తారు, అంటే 167 బార్ వద్దే తిరుగుప్రయాణం. శిక్షణ పెరిగిందని గాలి వాడకంలో వెసులుబాటు రాదు, చూశారా. వెలుతురు దాటి లోపలికి వెళుతున్నందువల్ల నియమం మరింత బిగుస్తుంది. అడుగున ఉన్న మెత్తని బురదను కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) ఒక్క తాకిడితో లేపితే, లోపలికి వెళ్లేటప్పుడు నిర్మలంగా ఉన్న దారి తిరిగి వచ్చేటప్పుడు కనిపించదు. అప్పుడు తాడును చేతితో తడుముకుంటూ రావడానికి పట్టే సమయానికి గాలి మిగిలి ఉండాలి.

ఫ్లోరిడా గుహల్లో పెట్టిన హెచ్చరిక పలకపై, చనిపోయిన 300 మందికి పైగా డైవర్లలో ఓపెన్ వాటర్ శిక్షకులు కూడా ఉన్నారని రాసి ఉంటుంది. దయచేసి దానిని ఆగి చదవండి. ఫ్లోరిడాలోని జిన్నీ స్ప్రింగ్స్ అనే నీటిబుగ్గల చోట డెవిల్స్ గుహల వైపు ఓపెన్ వాటర్ డైవర్లను టార్చి తీసుకువెళ్లనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. చేతిలో వెలుగు లేకపోతే లోపలికి వెళ్లాలన్న ఆలోచన రాదు.

మీ కోరికకు దారి మూసుకుపోలేదు. అదే జిన్నీలో బాల్‌రూమ్ అనే గుహ గది ఓపెన్ వాటర్ డైవర్లకు తెరిచే ఉంటుంది. దాని చివర లోపలి సొరంగాన్ని ఇనుప చువ్వలతో మూసివేశారు. ముందుగా అది చూడండి. కొత్త పరికరాలు కొనకుండా కావెర్న్ కోర్సులో చేరండి. ఉన్నవాటిలో ఏది పనికివస్తుందో, ఏది మార్చాలో శిక్షకుడు నీటిలో మిమ్మల్ని చూసిన తరువాతే చెప్పగలడు.