గడ్డం కింద వెంట్రుకలు: లేజర్‌కి ముందు టెస్టులు

గడ్డం కింద ముదురు వెంట్రుకలు వస్తున్నాయి, పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తున్నాయి, లేజర్ చేయించుకోవాలా అని అడిగారు కదా. ఆ రెండూ కలిసి ఉన్నాయంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అయ్యే అవకాశం ఎక్కువ, అందుకే లేజర్‌కి డబ్బు కట్టే ముందు గైనకాలజిస్ట్‌నో ఎండోక్రైనాలజిస్ట్‌నో (హార్మోన్ల డాక్టర్) కలిసి టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయించుకోండి. హార్మోన్ల తేడా అలాగే ఉంటే లేజర్ తర్వాత కూడా కొత్తవి వస్తూనే ఉంటాయి. మందులు మొదలుపెడితే తేడా కనపడటానికి 6 నెలలైనా పడుతుంది, మధ్యలో విసుగొచ్చి మానేయకండి. వాటిలో కొన్ని గర్భం వచ్చినప్పుడు వాడకూడదు, పిల్లల కోసం చూస్తుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఈలోగా షేవింగ్ చేసుకోవచ్చు, నిజంగానే. దానివల్ల ఒత్తుగా రావు. రేజర్ పైపైన కోస్తుంది కాబట్టి కొస మొద్దుగా తయారై గరుకుగా తగులుతుంది, లోపల కుదురు మారదు. పట్టకారుతో పీకడం మాత్రం తగ్గించండి, చర్మం లోపలే వెంట్రుక మెలితిరిగి కురుపులు, నల్లమచ్చలు వస్తాయి. లేజర్ నల్ల వెంట్రుకలకే బాగా పనిచేస్తుంది, తెల్లవాటికి ఎలక్ట్రాలిసిస్ (సన్నని సూదితో కరెంటు పంపి కుదురును పోగొట్టే పద్ధతి) కావాలి.

వెంట్రుకలు ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఆగొద్దండీ, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.