సెంటర్ నుంచి ఇంటికొస్తున్న అల్లుడికి

అల్లుడా,

ఎల్లుండి నిన్ను మందు మాన్పించే సెంటర్ నుంచి పంపిస్తరని అక్క ఫోన్ చేసింది. నెలరోజులు చుక్క ముట్టలేదు, సంతోషం. కాని అండ్ల సగం గొప్పతనం అక్కడి గేటుది. దేవరకొండ బస్టాండుల దిగంగనే ఆ గేటు ఉండది. అందుకే నువ్వు రాకముందే ఇది రాస్తున్న.

సాయంత్రం బస్సు ఎక్కకు. పొద్దుగాల బయలెల్లు, తమ్ముడిని తోడు పిలిపించుకో. ఏ గోలీ ఎన్ని నెలలు మింగాలె, మళ్ల ఏ తారీఖుకు రావాలె, నడుమ ఏమన్న అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఈ మూడు డాక్టర్‌ను అడిగి రాయించుకో. నెలకు సరిపడ గోలీలు చేతిల పెట్టుకొనే కదులు, ఊర్ల మెడికల్ షాపుల అవి దొరుకుతయని నమ్ముకోకు. డిశ్చార్జి కాయితం ఫోటో తీసి నీ ఇంటామె ఫోన్ల సుత ఉంచు.

ఇగ అసలు సంగతి కల్లు. "మందు మానిండు గద, కల్లుకేమైతది" అని మన దిక్కు ప్రతోడు అంటడు. దవాఖాన నుంచి వచ్చినోళ్లు మొదలు జారేది ఈడనే. కాంపౌండ్ (కల్లు దుకాణం) కల్లుల ఏం కలుపుతరో పాలమూరు, నల్లగొండ దిక్కు అందరికీ తెలుసు: ఆల్ప్రాజోలం, డైజిపాం, లేకుంటె సీహెచ్ అనే క్లోరల్ హైడ్రేట్. ఇవన్నీ నిద్ర మందులు. మెదడుల సారాయి ఏ తాళం తీస్తదో ఇవి సుత దాదాపు అదే తాళం తీస్తయి. అంటే మానిన మందే ఇంకో సీసాల వచ్చినట్టు. రెండు మూడు వారాలు రోజూ తాగి ఒక్కసారి ఆపితే నిద్ర పట్టది, చేతులు వణుకుతయి, లేనివి కనిపిస్తయి, ఫిట్స్ సుత రావచ్చు. చెట్టు కల్లయితే మంచిదే గద అంటవేమో. తెల్లారి దింపినప్పుడు తియ్యగుంటది, పొద్దెక్కినకొద్ది పులిసి దాంట్ల సుత మత్తు ఎక్కుతది. నీకు రెండూ వద్దు. సెంటర్‌కు పోకముందు కల్లు అలవాటు సుత ఉంటె, అది డాక్టర్‌కు చెప్పకుంటె, ఎల్లుండి లోపల తప్పకుండ చెప్పు. దాన్ని బట్టి మందులు మారుతయి.

నిద్ర గోలీ సంగతి సుత ఇదే. మొదటి రెండు నెలలు నిద్ర సరిగ్గ పట్టది. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వస్తది, పిచ్చి కలలు వస్తయి. అది మెదడు మళ్ల దారికి వచ్చుడు, రోగం గాదు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆల్ప్రాజోలం అర మిల్లీగ్రాము గోలీ చేతిల పెడ్తడు. అది సీసా లేని కల్లే. నాలుగు దాటినంక చాయ్ బంద్ చెయ్యి, నిద్ర పట్టినా పట్టకున్నా పొద్దుగాల ఒకటే టైముకు లెవ్వు. మూడు వారాలకు తేడా కనిపించకుంటె సెంటర్ డాక్టర్‌కే చెప్పు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, ఈ మూడు గంటలు గట్టెక్కితే దినం గట్టెక్కినట్టే. పని దిగి వచ్చేసరికి కడుపు ఖాళీ, ఒళ్లు నొప్పులు, మేస్త్రీ మీద కోపం. ఈ మూడు కలిసి మందు కావాలన్నట్టు మోసం చేస్తయి. సగం సార్లు అది ఆకలే. ఐదున్నరకు గుడాలో, సర్వపిండో, రెండు జొన్నరొట్టెలో తిను. ఏడున్నరకు అన్నం తినెయ్యి, నిండిన కడుపు మందును అంతగ అడగది. వైన్స్ ముందు నుంచి వచ్చే తొవ్వ ఇడిసిపెట్టు, కిలోమీటరు ఎక్కువైనా సరే.

మందు కోసం గుంజుడు ఎట్ల వస్తదో గుర్తు పట్టు. ముందుగాల గొంతు ఎండుతది, దవడలు లాగుతయి, చెయ్యి దానంతట అదే జేబుల నోట్ల మీదికి పోతది. అప్పుడే గడియారం చూడు. ఎక్కువ సార్లు అది ఇరవై నిమిషాలు, అరగంట, ఆ తర్వాత దిగిపోతది. ఆ అరగంట మనసుతోని కొట్లాడకు, కూసున్న జాగ మార్చు. రెండు చెంబుల మజ్జిగ తాగు, తలమీది నుంచి నీళ్లు పోసుకో, ఎవరికన్న ఫోన్ చెయ్యి. ఇంట్లోళ్లకు చెప్ప బుద్ధి కాకుంటె 14416 కు కొట్టు, టెలీ మానస్, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. మత్తు అలవాటు మాన్పించేటందుకు 14446 ఉంది.

పైసల దగ్గర మొహమాటం వద్దు. కూలి పైసలు ఇంటామె ఖాతల పడాలె. జేబుల నోట్లు తగ్గించినా ఫోన్ పే ఒకటి ఉన్నది గద, వైన్స్‌ల సుత స్కానర్ పెట్టిండ్రు. అందుకే ఫోనుకు ఐదారు వందలకు మించి ఉండని ఖాతనే కలుపు. పత్తి పైసలు, రైతు భరోసా పడ్డ నాడు మరీ జాగ్రత్త. ఒక్కనివే బ్యాంకుకు పోకు, ఎరువుల బాకీ అదే రోజు కట్టెయ్యి.

గోలీల మాట. డైసల్ఫిరాం రాస్తే పొద్దుగాల మనిషి ముందట మింగు. దాని మీద తాగితే మొకం ఎర్రబడ్తది, గుండె దడదడ కొట్టుకుంటది, వాంతులు, బీపీ పడిపోతది, పానం మీదికి వస్తది. ఆఖరి గోలీ మింగినంక సుత రెండు వారాల దాక ఆ ప్రమాదం ఉంటది. దగ్గు సిరప్‌లు, హోమియో చుక్కలు, అరిష్టాలు, వీటిల సుత ఆల్కహాల్ ఉంటది, అడగకుండ తాగకు. విరేచనాలకు మెట్రోనిడజోల్ ఇయ్యబోతే వద్దను, ఈ గోలీ పేరు చెప్పు. ఇంకోటి, అక్కకు నేనే చెప్పిన: నీకు తెల్వకుండ అన్నంల ఈ గోలీ పొడి కలుపుడు ఎన్నడు చెయ్యద్దు. తాగొచ్చిన నాడు అది విషమైతది. నాల్‌ట్రెక్సోన్ 50 అయితే దానిది వేరే లెక్క, తాగినా కిక్కు అంతగ ఎక్కనియ్యది. కాలో చెయ్యో విరిగి దవాఖానకు పోతే ముందుగాల ఆ మాట చెప్పు, ట్రమడాల్ అసొంటి నొప్పి మందులు నీ మీద సరిగ్గ పని చెయ్యవు. ఏ గోలీ అయినా లివర్ పరీక్ష తారీఖు తప్పొద్దు.

మొదటి మూడు నెలలు దావత్‌లు బంద్. పెండ్లికి పొద్దున పోయి చదివింపులు రాయించి, అన్నం తిని రా. సావు ఇంటికి పోక తప్పది, శవాన్ని మోసి తానం చేసినంక ఆగకు. పిట్టకు పెట్టే నాడు సీసాలు లేస్తయి, ఆ రోజు పనే పెట్టుకో. బోనాల సాకకు గాని, పెత్రమాసకు పెద్దల ముందట పెట్టేదానికి గాని మందో కల్లో తెచ్చే పని తమ్ముడిది. సీసా నీ చేతికి వద్దు. బలవంతం చేసినోనికి ఒకటే మాట: "లివర్ గోలీలు నడుస్తున్నయి, తాగితే పోత." రెండో కారణం చెప్తే వాడు వాదానికి దిగుతడు. థమ్సప్ గిలాస పట్టుకున్నా కింద పెట్టకు, మళ్ల తీసుకునేసరికి అండ్ల ఏం కలిసిందో తెల్వది.

ఒక్క రోజు జారితే ఆ రాత్రే చెప్పు, తెల్లారి డాక్టర్ దగ్గరికి పో. దాచినకొద్ది ఒక్క రోజు వారమైతది. వారమంత రోజూ తాగినంక ఇంట్లనే ఒక్కసారి ఆపకు. ఆరేడు గంటలకు వణుకు మొదలైతది, రెండు దినాల లోపట ఫిట్స్ రావచ్చు, మూడో దినం మనిషి గుర్తు పట్టకుండ అరవచ్చు. దానికి దవాఖాననే, 108 కు ఫోన్. ఇంకోటి, నెల మానినంక పాత కొలత నీ ఒంటికి ఆగది. ఒకప్పుడు ఫుల్లు తట్టుకున్న పానం, ఇప్పుడు కల్లు మీద క్వార్టర్ పడ్డా ఊపిరి ఆగేదాక పోవచ్చు. స్పృహ లేకుంటె ఎల్లకిల పండబెట్టొద్దని, పక్కకు తిప్పి పండబెట్టాలని ఇంట్లోళ్లకు చెప్పి ఉంచు.

ఇంటామెకు సుత ఒక మాట చెప్పు. రోజు రాత్రి నోరు వాసన చూసుడు వద్దు. పొద్దున గోలీ మింగింది చూస్తే చాలు, ఆ తర్వాత దినమంత ఆ ఊసే తియ్యొద్దు. వాసన కొట్లాటల మీద అలిగి వైన్స్‌కు పోయినోళ్లు మస్తుమంది.

ఎల్లుండి ఐదున్నరకు గుడాలు ఉడకబెట్టి, మజ్జిగ చేసి ఉంచమని అక్కకు చెప్పిన. పొద్దు ఉండంగనే ఇల్లు చేరు.

మీ మామ