ఎస్‌ఐ కొట్టిన వీడియో ఉంది, ఫేస్‌బుక్‌లో పెడితే చర్య తీసుకుంటారా?

వాహనాల తనిఖీ దగ్గర ఎస్‌ఐ మీ తమ్ముణ్ని లాఠీతో కొట్టాడు, పక్కనున్నవాళ్లు తీసిన వీడియో ఉంది, బయటపెట్టాలా వద్దా అని కదా అడిగారు. పెట్టండి, భయపడకండి. కానీ అంతకంటే ముందు, ఇవాళే, తమ్ముణ్ని విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లి ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే గాయాల రికార్డు, రాయించండి. కమిలిన దెబ్బలు నాలుగు రోజుల్లో మాసిపోతాయి, ఆ తర్వాత వీడియోలో లాఠీ కనిపిస్తున్నా గాయమేదీ అని అడుగుతారు.

మా బావమరిది ఆటో నడుపుతాడు. ఒక రాత్రి తనిఖీలో ఎదురు మాట్లాడాడని స్టేషన్‌కి తీసుకెళ్లి అరికాళ్ల మీద కొట్టారు. తెల్లారి మేం వెళ్లేసరికి చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో నడుస్తున్నాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, వెంట వచ్చిన కానిస్టేబుల్ వాడి నోరు పెగలకముందే "ఆటో బోల్తా పడింది సార్" అనేశాడు. మా ఆవిడ ఊరుకోలేదు. "బోల్తా పడితే అరికాళ్లకి దెబ్బలు ఎలా తగుల్తాయండీ? మోకాళ్లు చూడండి, గీత కూడా లేదు" అంది. ఆ డాక్టరు ఒక్క క్షణం కానిస్టేబుల్ వైపు చూసి, పోలీసులు కొట్టారని పేషెంట్ చెబుతున్నాడు అని రాశాడు. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క లైన్ మీదే నడిచింది.

మన ఊళ్లోనే నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి డాక్టర్ సుధాకర్ గారిని 2020 మే 16న పోలీసులు చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి రోడ్డు మీద పడేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, విషయం హైకోర్టుదాకా వెళ్లింది. కానీ సీబీఐకి అప్పగించడానికి దారి తీసింది గాయాల లెక్క. ప్రభుత్వ నివేదికలో ఒక్క గాయం, కోర్టు తరఫున వెళ్లి ఆయన వాంగ్మూలం తీసుకున్న నివేదికలో ఆరు. ఆ తేడా చూసి మే 22న కోర్టు ఆదేశమిచ్చింది. అదే మన ఏజెన్సీలోని వాకపల్లి చూడండి. 2007లో ఆదివాసీ మహిళలు మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ వాళ్ల మీద అత్యాచారం ఫిర్యాదు చేస్తే, నిందితులను గుర్తించే పరేడ్ కూడా సరిగా జరపలేదు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు దర్యాప్తు అధికారులను తప్పుపట్టి, బాధితులకు పరిహారం ఇమ్మంది, నిందితులను మాత్రం నిర్దోషులుగా వదిలేయాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అందుకే ఎస్‌ఐ నేమ్ ప్లేట్ మీద ఏముందో, పక్కన ఎవరెవరున్నారో మీ తమ్ముడికి గుర్తున్నంతా ఇప్పుడే రాసి పెట్టించండి. అరెస్టు చేసే పోలీసు తన పేరు స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది.

స్టేషన్ లోపలికి కూడా తీసుకెళ్లి ఉంటే సీసీటీవీ ఫుటేజీ అడగండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, సదుపాయం లేకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే చెప్పింది. మేం సమాచార హక్కు కింద అడిగితే ఆ రోజుల్లో కెమెరా పనిచేయలేదని జవాబు వచ్చింది. ఆ జవాబే ఫిర్యాదుకి జత చేశాం, విచారణకి వచ్చిన అధికారి మొదట దాని గురించే అడిగాడు.

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 173(4) కింద పోలీస్ కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదిలోపే వెళ్లాలి. లాయరు ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, వెళ్లి అడగండి.

ఇక వీడియో. తీసిన ఫోన్‌లోనే ఒరిజినల్ ఉండనివ్వండి, వాట్సాప్‌లో తిరిగిన కాపీ కోర్టులో నిలబెట్టడం కష్టం. పోస్టులో తేదీ, టైం, స్థలం, అధికారి పేరు, హోదా, అంతే రాయండి. వాడి కులం, వాడి ఇంటివాళ్ల జోలికి వెళ్లారంటే మీ మీదే కేసు పెట్టడానికి దారి దొరుకుతుంది. విధులకు ఆటంకం కలిగించాడని తమ్ముడి మీద ఎదురు కేసు పెట్టినా పెడతారు, అప్పుడు కట్ చేయని వీడియోనే అడ్డం నిలబడుతుంది.

వైరల్ అయ్యాక ఎస్‌ఐని వీఆర్‌కి పంపారని టీవీలో వస్తుంది, మన వాళ్లు గెలిచాం అనుకుంటారు. వీఆర్ అంటే పోస్టింగ్ కోసం ఖాళీగా ఉంచడం, అంతే, జీతం వస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకి ఇంకో స్టేషన్‌లో కూర్చుంటాడు. సస్పెన్షన్ కూడా విచారణ తేలేదాకా పక్కన పెట్టడమే. ఛార్జ్ మెమో (శాఖాపరమైన అభియోగాల నోటీసు) ఇచ్చారా, ఎఫ్‌ఐఆర్ కట్టారా, ఎవరు విచారిస్తున్నారు, ఈ మూడూ అడుగుతూనే ఉండండి, అడిగిన ప్రతిసారీ అదీ బయటపెట్టండి. ఈలోగా మీకు తెలిసిన పెద్దమనిషే ఎవరో వచ్చి "రేపు కుర్రాడు బండి తియ్యాలా వద్దా, రాజీ పడండి" అంటాడు. మాకూ వచ్చారు. మా బావమరిది భయపడ్డాడు, ఎవరైనా భయపడతారు, అయినా సంతకం పెట్టలేదు. ఆ ఎస్‌ఐకి ఇంక్రిమెంట్ కోత పడింది, అది చాలదు, అందుకే నేరుగా కోర్టులో వేసిన ప్రైవేటు కంప్లయింట్ ఇంకా నడుపుతున్నాం.

వీడియో తీసినవాళ్లతో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి, వాళ్లకి ఫోన్లు రావడం మొదలైతే భయంతో డిలీట్ చేసేస్తారు.