పది గంటలు కూర్చున్నా రెండు గంటల పని తెమలడం లేదు

ప్రశ్న: నా వయసు 31. మాది అల్లూరు దగ్గర పల్లె. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చాను. తర్వాత కంపెనీ ఒప్పుకోవడంతో ఇక్కడే ఉండిపోయాను. నా భార్య కావలిలో ప్రైవేటు స్కూల్లో టీచరు. పాపకు నాలుగేళ్లు. మా నాయన రొయ్యల గుంటలు చూసుకుంటాడు. ఏడాదిగా పని మీద మనసు నిలవడం లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు లాప్‌టాప్ తెరుస్తాను. పావుగంటకే చేయి ఫోన్ మీదికి పోతుంది. ఈలోగా నాయన పిలుస్తాడు, అమ్మ పిలుస్తుంది, మేత బండి వస్తుంది. సాయంత్రానికి చూసుకుంటే ఏమీ అయి ఉండదు. అందరూ పడుకున్నాక మళ్లీ ఒంటిగంట దాకా కూర్చుంటాను. నా భార్య నాతో మాట్లాడటం తగ్గించింది. పోయిన నెల మేనేజరు నా పనితీరు బాగాలేదని మెయిల్ పెట్టి రెండు నెలలు గడువిచ్చాడు. బీటెక్ దాకా నేను బాగా చదివేవాణ్ణే. నాకేమైనా ఏకాగ్రత జబ్బు వచ్చిందా? ఫ్రెండ్ ఒకతను తను వాడే మాత్రలు వేసుకోమంటున్నాడు. బెంగళూరు వెళ్లిపోతేనే బాగుపడతానా? నాయనకు షుగర్ ఉంది. వదిలి వెళ్లడానికి మనసొప్పడం లేదు.

– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు మాత్రల సంగతి. ఇంకొకరి మందు మీరు వేసుకోవద్దు, ఒక్కటి కూడా. ఏకాగ్రత కోసం ఇచ్చే మందుల్లో గుండె వేగాన్ని, బీపీని పెంచేవి, నిద్ర చెడగొట్టేవి ఉంటాయి. మనిషిని చూసి డాక్టరు రాయాల్సిన మందులవి. ఏడీహెచ్‌డీ అనే, ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య ముప్పై ఏళ్లకు కొత్తగా ఊడిపడేది కాదు. పెద్దవాళ్లలో దాన్ని నిర్ధారించేటప్పుడు, పన్నెండేళ్లలోపే లక్షణాలు ఉన్నాయా, ఇల్లు, బడి వంటి ఒకటికి మించిన చోట్ల కనిపించాయా అని డాక్టర్లు చూస్తారు. చిన్నప్పుడు మీరెలా ఉండేవారో అమ్మగారిని అడగండి. పుస్తకాలు, టిఫిన్ డబ్బా ఎక్కడపడితే అక్కడ పారేసుకునేవారా, కుదురుగా కూర్చోలేకపోయేవారా, టీచర్లు ఎప్పుడూ అదే ఫిర్యాదు చేసేవారా? అలాంటిదేమైనా ఉంటే నెల్లూరులో ఒక సైకియాట్రిస్టును కలవండి. బాగా చదివినంత మాత్రాన ఆ సమస్య లేదని తేల్చేయలేం. కానీ ఏడాది కిందట మొదలైందని మీరే రాశారు కాబట్టి, నేనైతే ముందు వేరేవైపు చూస్తాను.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక విషయం స్పష్టంగా తెలిసింది. మీరు ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నారు. ఒకటి కంపెనీది. ఇంకొకటి, ఇంట్లో ఎవరు ఎప్పుడు పిలిచినా లేచి వెళ్లే ఉద్యోగం. రెండోదానికి వేళల్లేవు, సెలవుల్లేవు. ‘ఇంట్లోనే ఉన్నాడు కదా’ అన్న ఒక్క మాట మీద అది నడుస్తోంది. ఏ క్షణాన పిలుపొస్తుందో తెలియని మనిషి లోతైన పనిలోకి దిగలేడు. దిగాక మధ్యలో లేవాల్సి వస్తుందని తెలిసి మనసు ముందే గట్టు మీద నిలబడిపోతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఇర్వైన్ క్యాంపస్‌లో, గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఇరవై ఏళ్లకు పైగా ఈ విషయాన్నే చూస్తున్నారు. మొదట్లో ఆఫీసుల్లో మనుషుల వెనక స్టాప్‌వాచీ పట్టుకుని గమనించారు. 2004 ప్రాంతంలో ఒక్కో తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారట. ఇటీవలి లెక్కల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. అంటే ఈ బాధ మీ ఒక్కరిదీ కాదు. మధ్యలో ఆగిన పనికి మళ్లీ తిరిగి రావడానికి సగటున ఇరవై మూడు నిమిషాలు పడుతోందనీ, ఈలోగా ఇంకో రెండు పనులు దూరుతున్నాయనీ కూడా వాళ్లు చూశారు. మీ విషయంలో ఇది ఎలా జరుగుతుందో ఊహించగలను. నాయన పిలిచారని లేస్తారు, వాకిట్లో ఐదు నిమిషాలు పడుతుంది. వస్తూ వస్తూ మంచినీళ్లు తాగుతారు, ఫోన్ చూస్తారు. తెర ముందుకొచ్చాక ఏ టెస్ట్ కేసు దగ్గర ఆపారో గుర్తు రాక ఇంకో ట్యాబ్ తెరుస్తారు.

మీకు అన్నిటికన్నా అవసరమైనది 2011లో వాళ్ల బృందం చెప్పిన మాట. ఒక గంటలో బయటి నుంచి అంతరాయాలు ఎక్కువైతే, ఆ తర్వాతి గంటలో మనిషి తనను తానే ఎక్కువగా ఆపుకుంటున్నాడట. పిలిచేవాళ్లు మానేసినా, పిలిపించుకునే అలవాటు లోపల మిగిలిపోతుంది. పావుగంటకోసారి మీ చేయి ఫోన్ మీదికి పోవడంలో ఇదీ ఉందని నా అభిప్రాయం. దాన్ని సోమరితనం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు ఆపండి. మీకు కావలసింది ఎవరూ పిలవరన్న భరోసా ఉన్న కొన్ని గంటలు. ఆ గంటలు ఇంట్లోవాళ్లను అడిగి తీసుకోవాలి.

అందుకే ఏ యాప్ వేసుకోవాలన్న దానికంటే ముందు మీ నాయనతో ఎలా మాట్లాడాలన్నది తేల్చుకోండి.

‘నాకు పనుంది, పిలవొద్దు’ అంటే ఆయనకు కష్టంగా ఉంటుంది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చున్న కొడుకు కనిపిస్తున్నాడు కానీ చేసే పని ఆయనకు కనిపించడం లేదు. ఆయనకు తెలిసిన పనితోనే చెప్పండి. గుంటలో మేత వేశాక చెక్ ట్రే దించుతారు. గంటన్నర, రెండు గంటలు ఆగి పైకి తీసి ఎంత తిన్నాయో చూస్తారు. ఐదు నిమిషాలకోసారి ట్రే పైకి లాగితే రొయ్య తినేదెప్పుడు, మీకు లెక్క తెలిసేదెప్పుడు? ‘నాయనా, నా పని కూడా అట్టాంటిదే. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం గంటన్నర నన్ను కదిలించొద్దు. మిగతా టైములో ఏ పని చెప్పినా చేస్తా’ అనండి. మేనేజరు పెట్టిన మెయిల్ సంగతి కూడా దాచకండి. ఉద్యోగం ఊగులాడుతోందని తెలియకుండా ఆయన ఎందుకు ఆగుతాడు? ఒకచోట కూర్చుని, అమ్మ కూడా ఉండగా, నెమ్మదిగా చెప్పండి.

కొన్ని పిలుపులు మాత్రం ఆపకూడదు. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్యలు ఆక్సిజన్ అందక పోతాయి, నెలల కష్టం పోతుంది. దానికి దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టినా, ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది ఆన్ చేసి నాయనకు ఒక్క ముక్క చెప్పండి: గుంట కాడ ప్రమాదమైతే వెంటవెంటనే రెండుసార్లు చేయి, మామూలు పనికైతే ఒక్కసారి చేసి వదిలెయ్యి, పన్నెండింటికి నేనే చేస్తా. ఆ ఫోన్‌ను పక్క గదిలో, మోగితే వినిపించేంత దూరంలో పెట్టండి. బల్ల మీద బోర్లా పెట్టినా చాలదు. మేత బస్తాలు దింపించడం, మందుల షాపుకు వెళ్లడం లాంటివి మీరు అడిగి తీసుకున్న గంటల్లోకి రానే కూడదు. గుంటల దగ్గర ఉండే మనిషికి కొన్ని అప్పగించండి. మేత బండిని మధ్యాహ్నం పన్నెండు తర్వాత రమ్మంటే చాలా గొడవ తగ్గుతుంది.

మీ బల్ల ఎక్కడుందో రాయలేదు. వరండాలోనో ముందుగదిలోనో ఉంటే ఈ రోజే మార్చండి. వచ్చేపోయే ప్రతి మనిషీ మిమ్మల్ని పలకరించే చోట ఎంత నిష్ఠ ఉన్నా నిలవదు. మేడ మీది గది ఉన్నా మన వైపు ఎండల్లో మధ్యాహ్నం అది నిప్పుల కుంపటి. కాబట్టి కష్టమైన పని పొద్దుటి రెండు గంటల్లోనే పెట్టుకోండి. భోజనం చేశాక ఎవరికైనా కాస్త మగతగా ఉంటుంది. రిపోర్టులు నింపడం, మెయిళ్లకు జవాబులివ్వడం ఆ వేళకు ఉంచండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కూడా కొనండి. కరెంటు పోయి నెట్ ఆగగానే మీరు ఫోన్ తీస్తారు, కరెంటొచ్చాక కూడా ఫోన్ దగ్గరే ఉంటారు.

కూర్చున్నాక ఏం చేయాలి? ఇటలీలో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే విద్యార్థి 1980ల చివర్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని, 25 నిమిషాలు చదివి కాసేపు ఆగే పద్ధతి మొదలుపెట్టాడు. పొమొడొరో అని దానికి పేరొచ్చింది. పావుగంట కూడా నిలవని ఈ స్థితిలో మీకు మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. కానీ అక్కడే ఆగిపోవద్దు. టెస్టింగ్‌లో తప్పు ఎక్కడుందో వెతుకుతూ లోపలికి వెళ్లేసరికే ఇరవై నిమిషాలవుతుంది, అప్పుడు గంట మోగితే చికాకు. పది రోజులయ్యాక యాభై నిమిషాలకు పెంచండి. మధ్యలో లేచినప్పుడు ఫోన్ ముట్టకుండా వాకిట్లోకి వెళ్లి దూరంగా చెట్ల వైపు చూడండి. తెర ముందు మనం కళ్లార్పడం తగ్గిపోతుంది, కళ్ల మంటకు ఒక కారణం అదే. లాప్‌టాప్‌లో ఆఫీసు పనికి వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకోండి. యూట్యూబ్, క్రికెట్, షేర్లు అందులో లాగిన్ అయి ఉండకూడదు. చాట్ నోటిఫికేషన్ల మోత ఆపేసి, రెండు విడతల మధ్య మీరే తెరిచి చూడండి.

ఎంత చేసినా మధ్యలో లేవాల్సి వస్తుంది. లేచేముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ‘పేమెంట్ స్క్రీన్‌లో తప్పుడు ఓటీపీ ఇస్తే ఏమవుతుందో చూడాలి, లాగ్ తెరిచి ఉంది’ అన్నట్టు. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినా మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. మళ్లీ ఎక్కడ అందుకోవాలో రెండు ముక్కలు రాసిపెట్టుకుని వెళ్తే ఆ లాగులాట తగ్గుతుందని తర్వాతి పరిశోధనలో తేలింది. దీనికి అర నిమిషం పట్టదు. తిరిగొచ్చినప్పుడు ఆ కాగితం మీ చేయి పట్టుకుని తెర ముందు కూర్చోబెడుతుంది.

ఇప్పుడు రాత్రి పని. దీన్ని మానేయమని గట్టిగా చెబుతున్నాను. ఒంటిగంట దాకా కూర్చుని, పాపను తయారుచేసే వేళకు లేస్తే, మరుసటి రోజు ఏకాగ్రత ఎక్కడి నుంచి వస్తుంది? నిద్ర చాలని మనిషి ముందు దెబ్బతినేది సరిగ్గా అక్కడే. రాత్రి ఉందిలే అన్న ధీమా పగటిని ఇంకా వదులు చేస్తుంది కూడా. సాయంత్రం ఏడున్నరకు లాప్‌టాప్ మూసేయండి. మొదటి వారం పని వెనకపడవచ్చు. భయపడకుండా నిద్రపోండి.

మీ భార్య విషయం ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి దాటేశారు. నాకు మాత్రం అదే బాధగా అనిపించింది. ఆవిడ పొద్దున వంట చూసుకుని, కావలి వెళ్లి, రోజంతా పిల్లలతో నిలబడి పాఠాలు చెప్పి ఇంటికొస్తారు. రోజంతా ఇంట్లో ఉన్న భర్త, ఆవిడ వచ్చాకా తెర ముందే ఉంటాడు, రాత్రీ తెర ముందే. పాప వచ్చి భుజం పట్టుకుంటే ‘ఒక్క నిమిషం’ అంటారు, అది ఎప్పటికీ అయిపోదు. ఆవిడకు మేనేజరు మెయిల్ గురించి చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. మీరు టెన్షన్‌లో ఉన్నారని తెలియక, తననే దూరం పెడుతున్నారని ఆవిడ అనుకుంటూ ఉండవచ్చు. నాయన దగ్గర కూర్చునే ముందు ఆవిడకు చెప్పండి. ఆ మాటలప్పుడు పక్కన ఉండమని అడగండి. ఏడున్నర తర్వాత పాపకు అన్నం మీరే పెట్టండి.

మేనేజరుకు కూడా వచ్చే వారంలోనే రాయండి. క్షమాపణలతో పేజీ నింపొద్దు. ‘ఈ గడువులో నా నుంచి తప్పక కావలసిన రెండు మూడు పనులేవి? రోజూ పదింటి నుంచి పన్నెండు దాకా మీటింగులు లేకుండా చూడగలరా?’ అని అడగండి. దేని మీద కొలుస్తున్నారో తెలియకుండా అన్నిటి వెంటా పరిగెత్తితే ఏదీ పూర్తికాదు.

బెంగళూరు గురించి తొందరపడి తేల్చుకోకండి. అక్కడికెళ్తే నాయన పిలుపులు ఆగుతాయి కానీ ఫోన్ అలవాటు మీతోనే వస్తుంది. భార్య ఉద్యోగం, పాప బడి, నాయన ఆరోగ్యం, అన్నీ కదిలించాల్సి వస్తుంది. ఈ ఏర్పాటుకు నెల రోజులు సమయమివ్వండి. ఇంట్లో ఎంత చెప్పినా కుదరకపోతే, కావలిలో ఒక చిన్న గది అద్దెకు తీసుకోండి. పొద్దున భార్యతో కలిసి బయల్దేరి, పని చూసుకుని ఆవిడతోనే తిరిగి రావచ్చు. నాయనకు అవసరమైతే గంటలోపే గుంటల దగ్గరుంటారు.

ఈ నెలలో నిద్ర సరిపోతున్నా మనసు బరువుగానే ఉంటే, దేని మీదా ఇష్టం పుట్టకపోతే, అన్నం సయించకపోతే, అది వట్టి ఏకాగ్రత సమస్య కాకపోవచ్చు. దిగులు జబ్బూ, థైరాయిడ్ తేడా కూడా ఇలాగే కనిపిస్తాయి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, దాని నంబరు 14416. ఉచితం, ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా నెల ఆగకండి, ఆ రోజే చేయండి.