పక్కింటి కట్టెల పొయ్యి పొగ: చట్టం ఎంతవరకు అడ్డుకోగలదు?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాకు సొంత ఇల్లు ఉంది. మా గోడకు ఆనుకొని ఉన్న పక్కింటి పెరట్లో ఒక కట్టెల పొయ్యి ఉంది. చాలా ఏళ్లుగా వాళ్లు తెల్లవారుజామున దాని మీద స్నానానికి నీళ్లు కాచుకొనేవారు. మేము ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. సుమారు రెండేళ్ల నుంచి వాళ్లు పెళ్లిళ్లకు, శ్రీమంతాలకు మురుకులు, నిప్పట్లు చేసి అమ్ముతున్నారు. అందుకోసం మరో రెండు పెద్ద పొయ్యిలు పెట్టారు. అవి రాత్రి దాకా మండుతూనే ఉంటాయి. కట్టెలు చాలకపోతే రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కూడా కాలుస్తున్నారు. మా అమ్మకు ఆస్తమా ఉంది. అడిగితే, 'ముప్పై ఏళ్లుగా మండుతున్న పొయ్యి, మీరు అడగడానికి లేదు' అంటున్నారు. ఢిల్లీలో కట్టెల పొయ్యిలు నిషేధించారని విన్నాము. ఆ చట్టం మనకు వర్తించదా? పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: ముందు ఢిల్లీ సంగతి చెబుతాను. ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు మాత్రమే వర్తించేలా 2021లో గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ చట్టం వచ్చింది. గాలి బాగా చెడిన రోజుల్లో ఆ కమిషన్ అమలు చేసే ఆంక్షల్లో హోటళ్లు, రెస్టారెంట్లు, రోడ్డు పక్క తినుబండారాల అంగళ్లు తందూర్లలో బొగ్గు, కట్టెలు వాడరాదన్నది ఒకటి. అది వ్యాపారపు పొయ్యిల మీద పెట్టిన ఆంక్షే గాని, ఇంటి వంటగది మీద నిషేధం కాదు. పైగా దాని పరిధి తిరుపతి దాకా రాదు. మన రాష్ట్రంలో ఇంటి పొయ్యిలో కట్టె కాల్చడమే నేరమని చెప్పే చట్టం లేదు.

అయితే అలాంటి నిషేధం పెట్టే అధికారం ప్రభుత్వానికి లేకపోలేదు. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి ఒక ప్రాంతాన్ని వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించవచ్చు. ఆ ప్రాంతంలో ఆమోదం పొందని ఇంధనాన్ని వాడరాదని, కనీసం మూడు నెలల గడువు ఇచ్చి, నోటిఫికేషన్ ద్వారా నిషేధించవచ్చు. ఈ అధికారాన్ని ఇళ్ల పొయ్యిల మీద వాడాలా వద్దా అన్న చర్చ ఇప్పుడు మన ఊళ్లలోనూ మొదలైంది. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గుర్తించిన మన రాష్ట్రంలోని 13 నగరాల్లో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. అంతమాత్రాన తిరుపతిలో పొగకు పట్టింపు లేదని కాదు: సూక్ష్మ ధూళికణాలకు (పీఎం 2.5) 2009లో నిర్ణయించిన పరిమితి, అంటే 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, దేశమంతటికీ ఒక్కటే.

ఈ చర్చలో నా అభిప్రాయం దాచుకోను. కట్టెల పొగను ముందుగా పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి, ఆమె ఒడిలోని బిడ్డ. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి పొగ తగ్గాలన్న విషయంలో రెండో మాట లేదు. కాని వేరే ఇంధనం ఇవ్వకుండా పొయ్యి ఆర్పించే చట్టం న్యాయమైనది కాదు. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు తరువాత బ్రిటన్ 1956లో స్వచ్ఛ వాయు చట్టం చేసి, కొన్ని ప్రాంతాల్లో పొగ వచ్చే ఇంధనాన్ని నిషేధించినప్పుడు, ఇళ్లవాళ్లు పొయ్యి మార్చుకోవడానికి పెట్టిన సమంజసమైన ఖర్చులో పదింట ఏడు వంతులు స్థానిక సంస్థే తిరిగి చెల్లించాలని ఆ చట్టంలోనే రాశారు. మన దగ్గర 2024 నవంబరు నుంచి దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. మంచిదే, కాని పూర్తిగా గ్యాస్ మీదే వండుకొనే కుటుంబానికి ఏడాది పొడవునా మూడు సిలిండర్లు చాలవు. అందువల్ల 19వ సెక్షన్ కింద ఆంక్ష పెట్టదలిస్తే ముందు వ్యాపారపు పొయ్యిల మీద, రంగు చెక్కల మీద పెట్టాలి. కూలి చేసుకొని వచ్చి రెండు పుల్లలతో అన్నం వండుకొనే ఇంటి మీద కాదు. గంగమ్మ జాతర పొంగళ్లను, భోగి మంటను కూడా కోర్టులు రోజూ లేచే పొగతో సమానంగా చూడవు. ఏడాదికి ఒకసారి వచ్చిపోయే ఇబ్బందికీ, దినమూ పట్టి పీడించే ఇబ్బందికీ న్యూసెన్స్ చట్టంలో, అంటే ఇరుగుపొరుగుకు కలిగించే ఇబ్బందికి సంబంధించిన చట్టంలో, తేడా ఉంది.

మీ సమస్యకు కూడా ఇలాంటి తేడానే ఆధారం. మీ పక్కింట్లో ఇప్పుడు రెండు రకాల మంట ఉంది. ఒకటి స్నానపు నీళ్ల పొయ్యి, రెండోది అమ్మకానికి మండించే పొయ్యిలు. వీటిని కలిపి 'కట్టెలు కాల్చడం ఆపించండి' అని కోర్టుకు వెళ్తే మీ కేసు బలహీనపడుతుంది.

పోలీసు కేసు గురించి అడిగారు. చుట్టుపక్కల ఉండేవారి ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని చెడగొట్టడం నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ కింద నేరమే, దానికి వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. కాని ఆ సెక్షన్ అడిగేది సాధారణంగా ఆ ప్రాంతంలోని జనానికి హాని కలిగిందా అని. ఒక్క ఇంటికి కలిగిన బాధ దాని కిందికి రావడం కష్టం. వీధిలో మరో నాలుగిళ్ల వాళ్లు కూడా బాధపడుతుంటే, అందరూ కలిసి నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు అర్జీ పెట్టడం ఇంతకంటే ప్రయోజనకరం. న్యూసెన్స్‌ను తొలగించమని షరతుతో ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లే విషయం మాత్రం ఇది కాదు, ఎందుకంటే ఆ ట్రిబ్యునల్ సమాజానికి విస్తృతంగా సంబంధించిన పర్యావరణ ప్రశ్నల కోసం ఏర్పడినది.

రంగు చెక్కలు, ప్లైవుడ్ సంగతి వేరు. అవి ఇంధనం కింద కాక వ్యర్థాల కిందికి వస్తాయని గట్టిగా వాదించవచ్చు. వ్యర్థాలను వీధుల్లో, తమ ఆవరణ బయటి బహిరంగ స్థలాల్లో ఎవరూ కాల్చరాదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. అదే ఏడాది డిసెంబరు 22న హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు పర్యావరణ పరిహారం విధించాలని ఆదేశించింది. దీనిపై నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. తినుబండారాలు అమ్ముతున్నవారికి వ్యాపార లైసెన్సు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని అదే అర్జీలో అడగవచ్చు.

మీకు అసలైన రక్షణ సివిల్ కోర్టులో దొరుకుతుంది. ఇరుగుపొరుగు ఆస్తుల మధ్య హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, మన సీమ అప్పుడు అందులోనే ఉండేది. ఆ చట్టం 7వ సెక్షన్, తన భూమి మీదికి వచ్చే గాలిని ఇతరులు అసమంజసంగా కలుషితం చేయకుండా ఉండే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని ఉదాహరణగా చెబుతుంది. ఒక వైద్యుడి క్లినిక్ పక్కన ఇటుకల పొడి చేసే యంత్రం పెట్టి దుమ్ము రేపినప్పుడు, ఆ దుమ్ము వైద్యుడికీ రోగులకీ హానికరమని నిర్ణయించి అలహాబాద్ హైకోర్టు ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే ఉత్తర్వు, ఇచ్చింది. 1982 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పు మీకు ఉపయోగపడుతుంది.

ముప్పై ఏళ్ల వాదనకు కూడా ఆ చట్టంలోనే సమాధానం ఉంది. 15వ సెక్షన్ కింద ఇరవై ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా అనుభవిస్తే గాలిని కొంత కలుషితం చేసే హక్కు కూడా సంక్రమించవచ్చు. అయితే ఆ హక్కు పరిమితిని 28వ సెక్షన్ నిర్ణయించింది: అనుభవం మొదలైన నాడు కాలుష్యం ఎంత ఉందో అంతవరకే. స్నానపు నీళ్ల పొయ్యి ముప్పై ఏళ్లు మండిందని చెప్పుకొని రెండేళ్ల కిందట పెట్టిన వ్యాపారపు పొయ్యిలను సమర్థించుకోవడం కుదరదు. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఆ పాత నీళ్ల పొయ్యిని ఆపించే అవకాశం మీకు దాదాపు లేదు, దాని జోలికి వెళ్లవద్దనే నా సలహా.

మరో జాగ్రత్త. న్యూసెన్స్ కేసులో కోర్టు చూసేది మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి ఎంత ఇబ్బంది అని. అమ్మగారి ఆస్తమా ఒక్కటే చూపిస్తే, ఆమెకు ముందే ఉన్న జబ్బు అంటారు. ఇంట్లో మిగతావారికి కళ్ల మంటలు, దగ్గు, ఆరేసిన బట్టల మీద, గోడల మీద పట్టిన మసి, కిటికీలు మూసుకొని ఉండాల్సి రావడం, ఇవన్నీ రుజువు చేయాలి. దావాతోపాటు, స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు తరఫున వచ్చే న్యాయవాదిని, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్, 9వ రూల్ కింద అడగండి. పొయ్యిలు మండే సమయంలో ఆయన వచ్చి చూసి ఇచ్చే నివేదిక బలమైన సాక్ష్యం. సెల్‌ఫోన్‌లో తీసిన ఫోటోలు, వీడియోలు దాఖలు చేసేటప్పుడు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. తాత్కాలిక ఇంజంక్షన్ కోరేవారు ఆలస్యానికి కారణం చెప్పవలసి ఉంటుంది, ఇప్పటికే రెండేళ్లయింది కాబట్టి ఇక కాలయాపన చేయవద్దు.

అయినా దావా కన్నా ముందు న్యాయ సేవాధికార సంస్థలో దావా పూర్వ అర్జీ పెట్టండి. అమ్మగారి పేరున పెడితే, స్త్రీ గనుక, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆమెకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. సహాయ సంఖ్య 15100. పక్కింటివారికి అది బతుకుతెరువు అన్నది మరవకుండా, వారు ఒప్పుకోగల షరతులే అడగండి: అమ్మకపు వంటకు గ్యాస్ బర్నర్ వాడటం, లేదా మీ మిద్దె కన్నా ఎత్తుగా పొగగొట్టం కట్టించడం, అడితి నుంచి తెచ్చిన కట్టెలను ఎండబెట్టి మాత్రమే వాడటం, రంగు చెక్కలు అసలు కాల్చకపోవడం. ఆ సంస్థ నిర్వహించే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు లేదు, ఉల్లంఘిస్తే అమలు పిటిషన్ వేయవచ్చు. అర్జీతో పాటు ఇంటి దస్తావేజు నకలు, అమ్మగారి వైద్య రికార్డులు, నగరపాలక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు జతచేయండి.